హోమ్‌లో పెరిగే పిల్లకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హోమ్‌లో ఆరేళ్లుగా హౌస్‌మదర్‌గా పనిచేస్తున్నాను. రాత్రిళ్లు కూడా పిల్లలతోనే ఉంటాను. అందరూ నన్ను అక్కా అంటారు. మొత్తం 28 మంది, అందులో ఏడుగురు పదమూడేళ్లు దాటినవాళ్లు. పదో తరగతి చదివే ఒకమ్మాయికి తండ్రి లేడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. తమ్ముడు వేరే ఊళ్లో మగపిల్లల హోమ్‌లో ఉన్నాడు. దసరాకి వచ్చి తీసుకెళ్తానని తల్లి ఫోన్లో చెప్పింది. పిల్ల బ్యాగు సర్దుకుని మూడు రోజులు గేటు వైపే చూసింది, ఆవిడ రాలేదు. అప్పటి నుంచి సరిగా తినదు, పలకరిస్తే కసురుతుంది. మొన్న చేతి మీద సన్నటి గీతలు కనిపించాయి. అడిగితే గీసుకుపోయింది అంది. ఇంకో అమ్మాయి ఇంటర్ సెకండియర్, బంగారం లాంటి పిల్ల. ఐదింటికే లేచి చిన్నవాళ్లకు జడలు వేస్తుంది. ఎప్పుడూ ఏడవదు. అందరూ ఆమెలా ఉంటే ఎంత బాగుండునో అనుకుంటాం. మా సెక్రటరీ గారు మోటివేషన్ క్లాసు పెట్టించారు. రెండు గంటలు చప్పట్లు కొట్టారు, మర్నాటికి మళ్లీ మామూలే. వీళ్ల మనసు గట్టిపడాలంటే నేనేం చేయాలి? నాది మామూలు డిగ్రీ, కౌన్సెలింగ్ కోర్సులేవీ చేయలేదు. ఇంకో చిన్న సంగతి: స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి నేను వెళ్లొచ్చా? పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమో.
– పేరు వద్దన్నారు, ఖమ్మం జిల్లా

సమాధానం: ముందు చేతి మీద గీతల సంగతి చూద్దాం అమ్మా. మిగతావి తర్వాత.

గీసుకుపోయింది అన్న మాటను అక్కడే వదిలేయకండి. అలాగని నలుగురిలో నిలదీయకండి, వార్డెన్ రూముకి పిలిచి కూర్చోబెట్టకండి. మీరు రోజూ చేసే పనిలోనే దారి ఉంది. తలకు నూనె పెట్టేటప్పుడు పిల్ల మొహం అవతలికి ఉంటుంది, మీ కళ్లలోకి చూడక్కర్లేదు. ఈ వయసు పిల్లలకు ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట అప్పుడు వస్తుంది. "చేతి మీద గీతలు చూశాను. నువ్వే గీసుకున్నావేమో అనిపించింది. నాకు కోపం లేదు, భయంగా ఉంది" అనండి. ఆ తర్వాత సూటిగానే అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగినందుకు పిల్లకు ఊపిరాడినట్టు ఉంటుంది. ఆ పిల్ల అవునన్నా, ఏమీ అనకుండా తల దించుకున్నా ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, మంచం మీ పక్కకు జరపండి, పదునైనవీ మందులూ అందకుండా చూడండి. మర్నాడే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. లేదు అన్నా ఆ వారంలో ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందే. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు పిల్లకే కాదు, మీకు కూడా.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. "నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను, చెప్పే ముందు నీకు చెప్తాను" అనండి. ఎందుకంటే, ఇలాంటి మాటల మధ్యలో ఒక్కోసారి ఎవరో తాకరాని చోట తాకారన్న సంగతి బయటపడుతుంది. అప్పుడు పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. హోమ్ పరువు, ట్రస్టు పేరు అంటూ ఎవరు నచ్చజెప్పినా ఆగకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇప్పుడు దసరా. మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపింది ఆ సర్దిన బ్యాగే. ఆ బ్యాగు ఎవరు విప్పారు? పిల్లే విప్పిందా, ఎవరైనా చూసి "ఇంక రాదులే, బట్టలు పెట్టెలో పెట్టుకో" అన్నారా? మన హోముల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో ఉంటారని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరూ లేని పిల్ల దుఃఖం ఒక రకం. ఉండీ రాని అమ్మ కోసం ఎదురుచూసే పిల్ల దుఃఖం ఇంకో రకం, అది ప్రతి సెలవులకీ మళ్లీ మొదలవుతుంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు. తోటివాళ్లు సంచులు సర్దుకుని వెళ్తుంటే మిగిలిపోయిన నలుగురైదుగురు ఖాళీ హాల్లో టీవీ ముందు కూర్చుంటారు. హోములో అన్నిటికంటే గడ్డు రోజులు అవే. మనమేమో సిబ్బంది సెలవులు కూడా సరిగ్గా అప్పుడే ఇస్తాం.

అమ్మ ఎందుకు రాలేదని పిల్ల అడిగితే మనవాళ్లు చెప్పే జవాబులు రెండే. "వస్తుందిలే, బస్సులు దొరకలేదేమో" అని ఒకటి. "ఆవిడకు నువ్వు అక్కర్లేదు, నీ చదువు నువ్వు చూసుకో" అని రెండోది. మొదటిది అబద్ధమని పిల్లకు తెలుసు. రెండోది వింటే అమ్మ మీద కోపం రాదు, తన మీద తనకు అసహ్యం వస్తుంది. అమ్మకు అక్కర్లేని పిల్లనంటే నాలోనే ఏదో లోపం ఉంది అనుకుంటుంది. మీకు తెలిసినంత వరకే నిజం చెప్పండి. "అమ్మ వస్తానంది, రాలేదు. ఎందుకో నాకు తెలీదు. నువ్వేదో తప్పు చేసినందుకు మాత్రం కాదు. నీకు కోపం రావడం న్యాయమే." ఈ నాలుగు మాటలు ఒకసారి చెప్తే చాలవు. మూడు నెలల తర్వాత, ఇంకో పండగ ముందు, మళ్లీ చెప్పాలి. అమ్మను తిట్టినా వినండి. మర్నాడే అమ్మ ఫొటో దిండు కింద పెట్టుకున్నా ఏమీ అనకండి.

ఆ కసురు గురించి కూడా ఒక మాట. మీరూ వెళ్లిపోతారో ఉంటారో తేల్చుకోవడానికి మీ మీద విసురుతున్న రాయి అది. "ఇలా మాట్లాడితే నేను నీతో మాట్లాడను" అన్నారా, తను అనుకున్నదే నిజమైంది అనుకుంటుంది. "ఆ మాట నాకు నచ్చలేదు. అన్నం మాత్రం తిందువుగాని రా" అనండి. క్రమశిక్షణ వద్దని నేననడం లేదు. గిన్నెలు కడిగే వంతు తప్పించుకుంటే కడిగించండి. మాట్లాడటం మానేయడం, అన్నం మాన్పించడం, పదిమందిలో "అందుకే మీ అమ్మ రాలేదు" అనడం, ఈ మూడూ ఆ హోములో ఎవరి నోటా ఎవరి చేతా జరగకుండా చూడండి. మూడోది కోపంలో వంటామె నోటి నుంచి కూడా రావచ్చు.

తల్లి విషయం మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం ప్రతి పిల్లకూ ఒక ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్, అంటే ఆ పిల్ల సంరక్షణకు విడిగా రాసుకున్న ప్రణాళిక ఉండాలి. చాలా చోట్ల అది ఫైల్లో ఒక కాగితం, పిల్ల మొహం చూడకుండా నింపింది. దాన్ని బయటకు తీయించండి. తల్లి పరిస్థితి ఏమిటో జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు ఇంటికి వెళ్లి కనుక్కోవచ్చు. రెండో భర్త వద్దంటున్నాడా, కూలీ డబ్బులు చాలక రాలేకపోయిందా, ఏదో భయం ఉందా? డబ్బే అడ్డమైతే పిల్లల కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, అర్హత ఉన్న పిల్లలు కుటుంబంలోనే పెరిగేలా నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇచ్చే వీలుంది. ఆ ఇంట్లో పిల్లకు రక్షణ ఉందో లేదో తేల్చాల్సింది బాలల సంక్షేమ కమిటీ. హోములో ఉంచడం చివరి మార్గమేనని చట్టమే చెబుతోంది. పిల్లను పంపలేని పరిస్థితైతే అదైనా తేలాలి. ఏటా బ్యాగు సర్దడం కంటే "ఈ ఏడాది వెళ్లడం లేదు, అమ్మ ఫలానా ఆదివారం ఫోన్ చేస్తుంది" అని తెలియడం నయం.

తమ్ముణ్ని మరిచిపోకండి. ఆడపిల్లల హోమ్, మగపిల్లల హోమ్ వేరు కాబట్టి తోబుట్టువులు విడిపోవడం మనకు మామూలైపోయింది. ఆ పిల్లకు మాత్రం లోకంలో సొంతమన్నది వాడొక్కడే. వారానికొకసారి వీడియో కాల్, నెలకోసారి నేరుగా కలవడం కేర్ ప్లాన్‌లో రాయించండి, కమిటీకి అర్జీ పెట్టండి. రాఖీకి ఒక్కరోజు కలిపి ఫొటో తీస్తే సరిపోదు. తమ్ముడి పదో తరగతి ఎలా ఉండాలో, వాడికి చెప్పులు ఉన్నాయో లేదో ఆలోచించుకునే హక్కు ఆ అక్కకు ఇవ్వండి.

మీరు కౌన్సెలింగ్ కోర్సు చేయలేదని బాధపడ్డారు. అమెరికాలోని హవాయి దీవుల్లో కవాయ్ అనే దీవి ఉంది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో తగాదాలు, తాగుడు, తల్లికో తండ్రికో మానసిక జబ్బు ఉన్న ఇళ్లలో పుట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించింది ఏమిటంటే, తమను తామున్నట్టుగా ఒప్పుకుని వెంట నిలబడ్డ పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం. అమ్మానాన్నే కానక్కర్లేదు. అమ్మమ్మో, పక్కింటావిడో, ఒక టీచరో. ఆరేళ్లుగా అదే చోట, అదే మంచం మీద పడుకుంటున్న మీరు ఆ పిల్లలకు ఏమవుతారో లెక్క వేసుకోండి. రెండు గంటల మోటివేషన్ క్లాసు అందుకే నిలవలేదు. ఆ వక్తలు కలాం గారి కథ చెప్పకుండా వెళ్లరు. ఆయన బాల్యం పేదదే కానీ, ఇంటికొస్తే పెట్టే అమ్మ ఉంది. ఆ తేడా హోములో పిల్లలకు తెలుసు, వక్త గారికే తెలియదు.

దానర్థం మీరు 28 మందికీ అమ్మ అయిపోవాలని కాదు. "నేనే మీ అమ్మను" అనకండి కూడా. రేపు మీకు ఇంకో ఉద్యోగం రావచ్చు, మీ ఇంట్లో అవసరం పడవచ్చు. అక్క అన్న పిలుపే సరిపోతుంది. దానికి తగ్గట్టు మాట నిలబెట్టుకోండి చాలు. ఊరెళ్తుంటే చెప్పకుండా వెళ్లకండి. గోడ క్యాలెండర్ మీద ఎప్పుడు వెళ్తున్నారో ఎప్పుడు వస్తారో రాసి వెళ్లండి, అన్న రోజుకు రాలేకపోతే ఫోన్ చేసి పిల్లలతోనే మాట్లాడండి. పెద్దవాళ్లు చెప్పిన రోజుకు వస్తారన్న అనుభవం వీళ్లలో చాలామందికి లేదు. ఉద్యోగం మానేయాల్సి వస్తే కనీసం నెల ముందు చెప్పండి, వీడ్కోలు చెప్పి వెళ్లండి. పిల్లలు ఏడుస్తారని తెల్లవారుజామున చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయే సిబ్బంది ఉంటారు. పాపం, వాళ్ల ఉద్దేశం మంచిదే. పిల్లలకు మాత్రం ఇంకొకరు వదిలేసినట్టే.

ఇక మీ బంగారం లాంటి పిల్ల. ఆ అమ్మాయి గురించే నాకు ఎక్కువ దిగులు. పదిహేడేళ్ల పిల్ల ఎప్పుడూ ఏడవకపోవడం, ఎప్పుడూ ఏదీ అడగకపోవడం చూసి ముచ్చటపడాల్సిందేమీ లేదు. పనికొస్తేనే ఉండనిస్తారని ఏదో ఒక వయసులో నేర్చుకుని ఉంటుంది. బాధ్యత మంచిదే, కవాయ్ పిల్లలకూ చిన్న చిన్న బాధ్యతలు మేలు చేశాయి. అయితే జడలు వేయడం ఆమె ఇష్టమా, మీ స్టాఫ్ తక్కువైనందుకు పడ్డ భారమా? వారంలో రెండు రోజులు ఆ పని ఇంకొకరికి ఇచ్చి చూడండి. ఆ ఉదయం పడుకుంటుందా, ఏం చేయాలో తోచక తిరుగుతుందా గమనించండి. తిరుగుతుంటే, "ఏమీ చేయకపోయినా నువ్వు నాకు ఇష్టమే" అన్న మాట ఆమెకు నోటితో చెప్పాల్సిన అవసరం ఉంది.

ఆమె మౌనం వెనకాల ఇంకో లెక్క నడుస్తూ ఉంటుంది: పద్దెనిమిది నిండాక ఎక్కడికి? అందరి ఇళ్లలో పద్దెనిమిదో పుట్టినరోజుకు కేక్ కోస్తారు, హోములో పిల్ల ఆ తేదీ తలచుకుంటేనే వణుకుతుంది. అది కూడా చాలాసార్లు అసలు పుట్టినరోజు కాదు, బడిలో చేర్చేటప్పుడు ఎవరో వేసిన జూన్ తేదీ. ఈ టెన్షన్‌కి ఓదార్పు మాటల కంటే కాగితాలు, లెక్కలు ఎక్కువ పనిచేస్తాయి. హోము నుంచి బయటికొచ్చే పిల్లలకు 21 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్ సాయం అందించే వీలు చట్టంలో ఉంది, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు పొడిగిస్తారు. మిషన్ వాత్సల్యలో దానికీ నెలకు 4,000 రూపాయలు ఉన్నాయి. అడగకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు కాబట్టి పద్దెనిమిది నిండకముందే కమిటీకి దరఖాస్తు పెట్టండి. ఆ అమ్మాయికి అమ్మానాన్న ఉన్నారో లేదో మీరు రాయలేదు. పదేళ్ల లోపే తల్లిదండ్రుల్ని కోల్పోయి, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమంలో చేరిన పిల్లల్ని మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో చేర్చారు. ఆమెకు అది వర్తిస్తే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ముందే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తీసుకోండి. కౌన్సెలింగ్ వారంలో తిరిగితే కుదరదు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటేనా అన్నది ఇప్పుడే చూడండి.

డబ్బు కూడా అంతే. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. ఏడుగురు పెద్దపిల్లలకూ ఖాతాలు తెరిపించండి. నెలకు యాభై రూపాయలైనా సరే, తనే స్లిప్పు రాసి తీసుకుని, తనే షాపుకెళ్లి తనకు నచ్చిన సబ్బు కొనుక్కోనివ్వండి. హోములో పెరిగిన పిల్లకు పదిహేడేళ్లు వచ్చినా సబ్బు రంగు ఎంచుకునే అవకాశం రాదు. బట్టలు దాతల ఇష్టం, కూర వంటామె ఇష్టం, జుట్టు పేలు పడతాయని కత్తిరించే వాళ్ల ఇష్టం. ఏదీ తన చేతిలో లేకుండా పెరిగిన మనిషి, కష్టం వచ్చినప్పుడు నేనేదో చేయగలను అని ఎలా అనుకుంటుంది? ప్రతి పిల్లకూ తాళం ఉన్న పెట్టె, తాళంచెవి ఆ పిల్ల దగ్గరే. తనిఖీ చేయాల్సి వస్తే పిల్ల ఎదుటే తీయాలి. పిల్లల కమిటీ ప్రతి హోములో ఉండాలని నిబంధనల్లోనే ఉంది. మీ దగ్గర అది రిజిస్టర్లో సంతకాల వరకే ఉంటే, ఆదివారం మెనూ దాని చేతిలో పెట్టి మొదలుపెట్టండి. బెండకాయ వద్దన్నారంటే ఆ ఆదివారం బెండకాయ వండకూడదు, మార్కెట్లో చవగ్గా ఉన్నా సరే.

సెక్రటరీ గారితో మాట్లాడాల్సింది ఒకటుంది. మీరు రాయలేదు కానీ, దాతల పుట్టినరోజు భోజనాలు మీ హోములోనూ ఉండే ఉంటాయి. ఎవరి పిల్లాడి పుట్టినరోజుకో 28 మంది వరసగా నిలబడి చప్పట్లు కొట్టి పాట పాడాలి, ఆ తర్వాత ప్లేటు చేతికివ్వడం ఫొటో తీయాలి. చిన్నపిల్లలకు కేక్ ముక్క సంతోషమే. పదిహేనేళ్ల పిల్లకు ఆ ఫొటో రేపు క్లాస్‌మేట్ ఫోన్లో కనిపిస్తుందేమోనన్న భయం. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టేలా మీడియాలో ఫొటోలు, వివరాలు వేయడం జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ నంబరు చెప్తే సెక్రటరీ గారు వింటారు. దాతలు రావద్దని కాదు. వచ్చి పిల్లలతో కలిసి కూర్చుని తినమనండి, పెద్దపిల్లలు రాకపోయినా ఫర్వాలేదనండి. ఒక్కసారి వచ్చి మాయమయ్యే పదిమంది కంటే, ప్రతి శనివారం వచ్చి లెక్కలు చెప్పే ఒక్క ఇంజినీరింగ్ స్టూడెంట్ మేలు. అయితే ఏడాది పాటు వస్తానంటేనే రానివ్వండి. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, తలుపులు తీసి ఉన్న హాల్లోనే, మీ కళ్ల ముందు.

మీ సంగతి ఒక్క ముక్క. రాత్రీ పగలూ 28 మందిని చూసుకునే మనిషికి వారానికొక పూర్తి సెలవు లేకపోతే ఇవేవీ జరగవు. అది సెక్రటరీ గారి దగ్గర గట్టిగానే అడగండి.

పేరెంట్స్ మీటింగ్‌కు తప్పకుండా వెళ్లండి. వెళ్లే ముందు పిల్లను అడగండి: "నేను వస్తే నీకు ఫర్వాలేదా? ఎవరని చెప్పమంటావు?" ఒకరు మా పిన్ని అని చెప్పమంటారు, ఒకరు మా అక్క అంటారు, ఒకరు హోమ్ నుంచి అనే చెప్పమంటారు. ఆ పిల్ల ఏది చెప్తే అదే. ట్రస్టు పేరు రాసి ఉన్న వ్యాన్ స్కూలు గేటు దాకా తీసుకెళ్లకండి, ఐడీ కార్డు మెళ్లో వేసుకోకండి. కావాలంటే క్లాస్ టీచర్‌కు మాత్రం విడిగా చూపించండి. మార్కులు తక్కువొస్తే అక్కడ ఏమీ అనొద్దు. మిగతా అమ్మలు అడిగే ప్రశ్నలే అడగండి: ఏ బెంచీలో కూర్చుంటుంది, స్నేహితులు ఎవరు, క్లాసులో మాట్లాడుతుందా, మధ్యాహ్నం అన్నం తింటోందా?